మీటర్లో ముప్పై... నీళ్లు మంచివేనా?

వీధికో వాటర్‌ప్లాంటు, ఇంటికో ఆర్వో మిషను. నీళ్లు మంచివో కావో తేల్చడానికి పెన్నులాంటి టీడీఎస్ మీటరు. ఆ మీటర్లో కనిపించే అంకె నీళ్ల గురించి చెప్పేది కొంతే. నీటిని వడకట్టే పల్చటి ప్లాస్టిక్ పొర గుట్టు మాత్రం బోలెడు చెబుతుంది... అడిగే పద్ధతిలో అడిగితే!

పొద్దున్నే వీధిలోకి నీళ్ల ఆటో వస్తుంది. ఇరవై లీటర్ల డబ్బాలు దించి, ఖాళీవి ఎక్కించుకుంటాడు డ్రైవరు. సెలవులకి ఇంటికొచ్చిన ఇంజినీరింగు కుర్రాడెవరైనా 'నీళ్లు మంచివేనా అన్నా?' అని అడిగితే జేబులోంచి మీటరు తీసి గ్లాసులో ముంచుతాడు. బుల్లి తెర మీద అంకె తిరిగి తిరిగి ఒకచోట ఆగుతుంది... 32. 'చూడు తమ్మీ, ముప్పై రెండే!' అంటాడు. ఇక మాట్లాడేదేముంది!

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల మధ్య ఏ ఊళ్లోనైనా కనిపించే దృశ్యమే ఇది. మఠంపల్లి మండలమైతే కృష్ణ ఒడ్డునే ఉంది. మట్టపల్లి నరసింహస్వామి గుడి మెట్లు దిగితే నది. ఈ ప్రాంతపు పొలాలకి నాగార్జునసాగర్ ఎడమ కాలువ నీళ్లు. అయినా తాగే నీళ్ల దగ్గరికొచ్చేసరికి చాలామందికి డబ్బా మీదే గురి, మీటరు మీదే భరోసా. మిషన్ భగీరథ నల్లాలు వచ్చాక కూడా డబ్బా అలవాటు మానని ఇళ్లున్నాయి.

ఇంతకీ ఆ ముప్పై రెండు దేనికి గుర్తు? అంతకన్నా ముఖ్యంగా... దేనికి గుర్తు కాదు?

ఒకే జిల్లా... రెండు రాళ్లు

ఈ ప్రశ్న ఉమ్మడి నల్గొండ జిల్లాలో అడిగినంత సీరియస్‌గా మరోచోట అడగాల్సిన పన్లేదేమో. ఎందుకంటే ఇక్కడ నీళ్ల కథంతా రాళ్లలో ఉంది.

మఠంపల్లి, హుజూర్‌నగర్, మేళ్లచెరువు చుట్టుపక్కల నేల కింద సున్నపురాయి. సిమెంటు ఫ్యాక్టరీలు ఈ వైపే బారులు తీరింది అందుకే. సున్నపురాయిని ఒరుసుకుని వచ్చే బోరునీటిలో కాల్షియం ఎక్కువగా ఉంటుంది. పప్పు తొందరగా ఉడకదు, సబ్బు నురగరాదు, గిన్నె అడుగున తెల్లటి చెక్కు కడుతుంది. ఇక్కణ్నుంచి పడమరగా నల్గొండ దాటి మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు వైపు వెళ్తే రాయి మారుతుంది. అది గ్రానైటు. అందులోని ఖనిజాల్లో ఫ్లోరిన్ దాక్కుని ఉంటుంది. నీళ్లు ఏళ్ల తరబడి ఆ రాళ్ల పగుళ్లలో నిలిచి మెల్లమెల్లగా ఫ్లోరైడ్‌ని కరిగించుకుంటాయి. కాల్షియం, ఫ్లోరైడ్ ఒకే నీటిలో ఎక్కువ మోతాదులో ఇమడలేవు. రెండూ జతకట్టి కరగని ఖనిజంగా మారిపోతాయి. కాబట్టి ఫ్లోరైడ్ ఎక్కువుండేది తరచూ కాల్షియం తక్కువున్న నీటిలోనే. అంటే సబ్బు చక్కగా నురగొచ్చే 'మెత్తటి' నీళ్లే ప్రమాదం మోసుకొచ్చే వీలుందన్నమాట. అలాగని సున్నపురాయి ఊళ్లలో ఫ్లోరైడ్ ఉండదని ఎవరూ హామీ ఇవ్వలేరు. ఏ బోరుకి ఆ బోరు పరీక్ష చేయించుకోవాల్సిందే.

తెలుగునేల మీద ఈ జబ్బు చరిత్ర పాతదే. అప్పటి మద్రాసు రాష్ట్రంలోని నెల్లూరు జిల్లాలో ఎముకల ఫ్లోరోసిస్‌ను వైద్యులు గుర్తించి రాసింది 1937లో. నల్గొండ జిల్లా రోగుల గురించి డాక్టర్ ఎ.హెచ్. సిద్ధిఖీ 'బ్రిటిష్ మెడికల్ జర్నల్'లో వ్యాసం ప్రచురించింది 1955లో. నాగపూర్‌లోని 'నీరి' శాస్త్రవేత్తలు పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్‌ను తగ్గించే పద్ధతి తయారుచేసి, దానికి ఏకంగా 'నల్గొండ టెక్నిక్' అని పేరు పెట్టారు. ప్రపంచంలో ఎక్కడ ఫ్లోరైడ్ గురించి పుస్తకం రాసినా ఆ పేరు ఉంటుంది... ఓ జిల్లాకి ఇలాంటి పేరు రావడం సంతోషించే విషయమేమీ కాదనుకోండి. 1996 లోక్‌సభ ఎన్నికల్లో ఫ్లోరైడ్ సమస్య దేశానికి తెలియాలని నల్గొండ స్థానానికి నామినేషన్లు వెల్లువెత్తాయి. 480 మంది బరిలో నిలిచారు! అన్ని పేర్లను బ్యాలెట్‌లో ఎలా ఇరికించాలన్నది అధికారులకు పెద్ద తలనొప్పి అయింది.

ఆ తర్వాత కృష్ణ నీళ్లు పైపుల్లో పల్లెలకు చేరుతూ వచ్చాయి. 2016 ఆగస్టులో గజ్వేల్ దగ్గర కోమటిబండలో మిషన్ భగీరథ మొదలైంది. ఈ మధ్యకాలంలోనే ఊరూరా ఆర్వో ప్లాంట్లూ వెలిశాయి. ఆర్వో అంటే ఫ్లోరైడ్ పోతుందన్న నమ్మకంతోనే చాలామంది డబ్బా కొనడం మొదలుపెట్టారు. ఆ నమ్మకంలో నిజముంది. మంచి స్థితిలో ఉన్న ఆర్వో పొర ఫ్లోరైడ్‌లో నూటికి తొంభై పాళ్ల వరకూ ఆపగలదు.

మంచి స్థితిలో ఉంటేనే... చిక్కంతా ఆ మాట దగ్గరే.

పంది తిత్తి నుంచి ప్లాస్టిక్ దాకా

నీటిని పోనిచ్చి, నీటిలో కరిగినదాన్ని ఆపే పొరలుంటాయని మనిషికి మొదట చూపించింది పంది! ఫ్రాన్సుకు చెందిన నోలే అనే మతగురువు 1748లో ఓ సీసాలో సారాయి నింపి, మూతికి పంది మూత్రాశయపు తిత్తి కట్టి నీళ్లలో ముంచాడు. కాసేపటికి తిత్తి ఉబ్బి పగిలేంత బిగుసుకుంది. బయటి నీళ్లు లోపలికి వెళ్లాయి కానీ లోపలి సారాయి అంత వేగంగా బయటికి రాలేకపోయింది. బడిలో మనం చదువుకున్న ద్రవాభిసరణం ఇదే. ఎండుద్రాక్ష నీళ్లలో వేస్తే ఉబ్బుతుందే, అదీ ఇదే.

ఉప్పునీటివైపు నుంచి గట్టిగా ఒత్తిడి పెడితే? నీళ్లు వెనక్కి నడుస్తాయి. ఉప్పు అటే ఉండిపోయి మంచినీళ్లు ఇటు వస్తాయి. ఆర్వోలో 'రివర్స్' అంటే అదే. చెప్పడం తేలికే, తగిన పొర దొరకడమే కష్టమైంది. అమెరికాలోని లాస్‌ఏంజెలెస్ విశ్వవిద్యాలయంలో సిడ్నీ లోబ్, మన దేశం నుంచి వెళ్లిన శ్రీనివాస సౌరిరాజన్ కలిసి 1960 ప్రాంతంలో సెల్యులోజ్ అసిటేట్‌తో పనికొచ్చే పొరను తయారుచేశారు. 1965లో కాలిఫోర్నియాలోని కోలింగా అనే చిన్న ఊరికి ఆ పద్ధతిలో తాగునీరు అందింది. ఇప్పుడు మన ఇళ్లలో ఉన్నది అది కాదు, 1970ల చివర్లో జాన్ కాడోట్ రూపొందించిన పాలీఅమైడ్ పొర. ఇంటి మిషనులో తెల్లటి గొట్టంలా కనిపించే మెంబ్రేన్‌ను విప్పితే చుట్టచుట్టిన తెల్లని షీట్లుంటాయి. ఆ షీటు మందమంతా కింద ఆసరాగా ఉన్న గుడ్డదీ, పాలీసల్ఫోన్ ప్లాస్టిక్‌దీ. అసలు పనిచేసే పాలీఅమైడ్ పొర ఎంతనుకున్నారు? తలవెంట్రుక మందాన్ని నాలుగైదు వందల ముక్కలు చేస్తే అందులో ఒక ముక్కంత!

దీన్ని చాలామంది టీ వడకట్టే జల్లెడలా ఊహించుకుంటారు. చిన్న చిల్లుల్లోంచి నీళ్లు వెళ్తాయి, పెద్ద ఉప్పు రేణువులు ఆగుతాయి అని. అది సరికాదు. ఆ పొరలో జల్లెడ చిల్లుల్లాంటివి ఉండవు. నీటి అణువులు ప్లాస్టిక్‌లోకి ఇంకి, దాని గొలుసుల సందుల్లోంచి ఒక్కొక్కటే జారుకుంటూ అవతలికి చేరతాయి. ఉప్పు కూడా ఇంకుతుంది, జారుతుంది. కాకపోతే చాలా తక్కువగా, చాలా నెమ్మదిగా. కాబట్టి 'ఉప్పును పూర్తిగా ఆపే పొర' అన్నది ఎక్కడా లేదు. ఎంత తక్కువ కారుతోందన్నదే లెక్క.

మరి ఆ కారడాన్ని ఎలా కొలుస్తారు?

రెండు గదులు, ఒక పొర

పొరల మీద పరిశోధన చేసే ప్రయోగశాలల్లో ఓ చిన్న ఏర్పాటు ఉంటుంది. హైదరాబాద్‌లోని ఐఐసీటీ, గుజరాత్‌లో భావ్‌నగర్‌లోని ఉప్పు పరిశోధన సంస్థ లాంటి చోట్ల ఈ పొరల మీద ఏళ్లుగా పనిచేస్తున్నారు. ఆ ఏర్పాటు చూడ్డానికి ఏమంత గొప్పగా ఉండదు. పక్కపక్కనే రెండు గాజు గదులు, మధ్యలో కిటికీ. కిటికీకి పరీక్షించాల్సిన పొరను రబ్బరు వాచరుతో బిగిస్తారు. ఒక గదిలో ఉప్పునీళ్లు, ఇంకోదాంట్లో డిస్టిల్డ్ వాటర్. రెండింట్లోనూ నీళ్లను కలియబెట్టే చిన్న మర. మంచినీళ్ల గదిలో రెండు లోహపు రేకులు వేలాడుతుంటాయి. అంతే.

ఆ రేకుల మధ్య కరెంటు ఎంత తేలిగ్గా పారుతోందో చూడటమే కొలత. శుద్ధమైన నీళ్లలో కరెంటు దాదాపు పారదు. ఉప్పు కరిగినప్పుడు అది సోడియం, క్లోరైడ్ అయాన్లుగా విడిపోతుంది. ఒకదానికి ధనావేశం, ఇంకోదానికి రుణావేశం. కరెంటును మోసే కూలీలు ఇవే. ఎంతమంది కూలీలుంటే అంత కరెంటు. పొర గుండా ఉప్పు కారేకొద్దీ వాహకత పెరుగుతుంది. పది నిమిషాలకోసారి రాసుకుని కాగితం మీద గీత గీస్తే, ఆ గీత ఎంత నిటారుగా లేస్తే పొర అంత ఎక్కువ కారుతున్నట్టు.

ఇక్కడో కిటుకుంది. రేకులకి టార్చిలైటు బ్యాటరీలాంటి డీసీ కరెంటు ఇస్తే అయాన్లు రేకుల దగ్గర పోగుపడి లెక్క తప్పుతుంది. నీళ్లు విడిపోయి బుడగలు కూడా వస్తాయి. అందుకని అటూ ఇటూ దిశ మార్చే ఏసీ వాడాలని పందొమ్మిదో శతాబ్దంలోనే జర్మనీ శాస్త్రవేత్త ఫ్రెడరిక్ కోల్‌రౌష్ చూపించాడు. నీళ్ల ఆటో డ్రైవరు జేబులోని మీటరు చేసే పని కూడా ఇదే. చిన్న బ్యాటరీ కరెంటును అటూ ఇటూ ఊపుతూ వాహకతను కొలుస్తుంది. కానీ జనానికి 'మైక్రోసీమెన్స్' అంటే అర్థం కాదు కదా! అందుకని ఆ విలువను 0.5 నుంచి 0.7 మధ్య ఓ గుణకంతో హెచ్చించి, దాన్ని 'టీడీఎస్, పీపీఎం' అని చూపిస్తుంది. ఏ గుణకం అన్నది కంపెనీ ఇష్టం. అందుకే ఒకే గ్లాసు నీళ్లకి ప్లాంటు మీటరు 500 చూపిస్తే ఇంట్లో మీటరు 700 చూపించవచ్చు. ఎవరూ మోసం చేస్తున్నట్టు కాదు!

మోసమంటే ఇదీ...

ఇంటింటికీ తిరిగి ఆర్వో మిషన్లు అమ్మేవాళ్లు మరో ప్రదర్శన చేస్తుంటారు. రెండు గ్లాసులు పెడతారు. ఒకదాంట్లో మన నల్లా నీళ్లు, ఇంకోదాంట్లో వాళ్ల మిషను నీళ్లు. నాలుగు కడ్డీలున్న పరికరాన్ని రెండింట్లో ముంచి స్విచ్చి వేస్తారు. నిమిషంలో మన గ్లాసు బురదలా, తుప్పు రంగులో తయారవుతుంది. వాళ్ల గ్లాసు మాత్రం తేటగా ఉంటుంది. 'చూశారామ్మా, ఇన్నాళ్లూ మీ పిల్లలకి తాగిస్తోంది ఇదే!' అనేసరికి ఇంటావిడ గుండె జారిపోతుంది.

నిజానికి ఆ బురద నీళ్లలోది కాదు, కడ్డీలది. మామూలు నీళ్లలో అయాన్లుంటాయి కాబట్టి కరెంటు బాగా పారుతుంది, ఇనుప కడ్డీ కరిగి తుప్పుగా తేలుతుంది. ఆర్వో నీళ్లలో కూలీలు తక్కువ కాబట్టి కరెంటు పారదు, కడ్డీ కరగదు. ఈసారి ఎవరైనా వస్తే వాళ్ల గ్లాసులోనే చిటికెడు వంటింటి ఉప్పు వేసి మళ్లీ స్విచ్చి వేయమనండి. అదీ బురదే అవుతుంది. (ఆ పని వాళ్లనే చేయమనాలి. కరెంటు వైర్లతో మీరు ప్రయోగాలు చేయొద్దు.)

రాత్రి నిద్రపోని ఉప్పు

మళ్లీ పొర దగ్గరికి వద్దాం. నీళ్లూ ఉప్పూ ఒకే పొరను దాటుతున్నా రెండూ ఒకే మాట వినవు. నీళ్లు ఒత్తిడి మాట వింటాయి. పంపు ఎంత గట్టిగా నెడితే అంత వేగంగా దాటుతాయి. ఉప్పుకి ఒత్తిడితో పనిలేదు. పొరకి ఇటువైపు ఉప్పెంత, అటువైపు ఎంత... ఆ తేడా ఒక్కటే దానికి లెక్క. తేడా ఉన్నంతసేపూ తన మానాన తాను కారుతూనే ఉంటుంది.

ఈ ఒక్క సంగతి తెలిస్తే ఇంట్లో ఎన్నో చిక్కుముడులు విడిపోతాయి. ఉదాహరణకి పంపు ఒత్తిడి 5 బార్లు అనుకుందాం. నీటిలోని ఉప్పు ఎదురు నెట్టేది అరబారు. మిగిలిన నాలుగున్నర నీటిని నెడుతుంది. వచ్చే నీటి టీడీఎస్ 40. పంపు నీరసించి ఒత్తిడి రెండున్నరకి పడిపోతే నెట్టేది రెండు బార్లే. నీళ్లు సగానికన్నా తగ్గుతాయి. ఉప్పు మాత్రం ఎప్పటిలాగే కారుతుంది. అంతే ఉప్పు సగం నీళ్లలో చేరితే? టీడీఎస్ 90కి ఎగబాకుతుంది. మెంబ్రేన్ పాడైందని మెకానిక్ వేలల్లో బిల్లు వేస్తాడు కానీ తప్పు పొరది కాదు, పంపుది!

రాత్రంతా మిషను ఆగి ఉందనుకోండి. నీళ్లు ఆగిపోయాయి. ఉప్పు ఆగదు కదా, తెల్లవార్లూ మెల్లగా అవతలికి పాకుతూనే ఉంటుంది. అందుకే పొద్దున మిషను వేయగానే మొదట వచ్చే నీటిలో టీడీఎస్ ఎక్కువ కనిపిస్తుంది. అది చూసి కంగారు పడక్కర్లేదు. పది, పదిహేను నిమిషాలు నడిచాక, పొర నుంచి నేరుగా వచ్చే నీటిని పట్టి చూడాలి. అప్పటి అంకే పొర అసలు స్థితి. నీళ్లు వేడెక్కినా అంకె మారుతుంది. ఒక్కో డిగ్రీకి వాహకత సుమారు రెండు శాతం పెరుగుతుంది. ఉష్ణోగ్రతను సర్దుబాటు చేసుకునే మీటరైతే ఆ తేడా చాలావరకూ తీసేస్తుంది కానీ, వేడికి పొర కూడా కొంచెం ఎక్కువ ఉప్పును వదులుతుంది. కాబట్టి మే నెల మధ్యాహ్నం కొలతనీ, డిసెంబరు ఉదయపు కొలతనీ పక్కపక్కన పెట్టి పోట్లాడుకోవద్దు.

ఒక్క అంకె చాలదు

ఆటో డ్రైవరు చూపించిన 32 దగ్గరికి వద్దాం. బోరు నీటి టీడీఎస్ 800 ఉండి, బయటికి వచ్చేది 40 అయితే పొర నూటికి 95 పాళ్లు ఆపుతోందన్నమాట. శభాష్ అనొచ్చు. అదే లోపలికి వెళ్లేది కాలువ నీరై 100 మాత్రమే ఉండి, బయటికి 40 వస్తుంటే? ఆపుతోంది 60 పాళ్లే. ఆ పొర పని అయిపోయినట్టే! రెండుచోట్లా మీటరు చూపించేది 40. ఒకటి ఆరోగ్యంగా ఉన్న పొర, ఇంకోటి చిరిగిన పొర. కాబట్టి ప్లాంటువాళ్లని అడగాల్సింది 'టీడీఎస్ ఎంత?' అని కాదు. 'లోపలికి ఎంత, బయటికి ఎంత?' అని.

దానికి తోడు ఓ చెంబు, ఓ గడియారం ఉంటే ఇంకా మంచిది. లీటరు నిండటానికి ఎన్ని నిమిషాలు పట్టిందో నెలకోసారి గోడ క్యాలెండరు మీద రాసుకోండి. మఠంపల్లిలాంటి సున్నపురాయి నేలల్లో బోరు నీటిని ఆర్వోకి పెడితే కాల్షియం పొర మీద చెక్కుకట్టి నీళ్లు రావడం క్రమంగా తగ్గుతుంది, టీడీఎస్ నెమ్మదిగా పెరుగుతుంది. ఇది కళ్లకి కనిపించే జబ్బు. రెండోది మోసపుచ్చే జబ్బు. పాలీఅమైడ్‌కి క్లోరిన్ అంటే పడదు. అందుకే మిషనులో పొర కంటే ముందు బొగ్గు ఫిల్టరు ఉంటుంది. దాన్ని సమయానికి మార్చకపోతే క్లోరిన్ పొరను తినేస్తుంది. అప్పుడు నీళ్లు ఇంకా వేగంగా వస్తాయి! 'ఈమధ్య మా మిషను భలే స్పీడుగా పడుతోంది' అని మురిసిపోతామా... ఆ స్పీడులోనే ఉప్పూ, దాంతోపాటు ఫ్లోరైడూ వచ్చేస్తుంటాయి.

సూది లేకుండా, రక్తం తీయకుండా

ఇదే కొలత ఆసుపత్రిలో ప్రాణాలు కాపాడే పని కూడా చేస్తోంది. డయాలిసిస్ చేసే ఫిల్టర్లో వేల సన్నని గొట్టాలుంటాయి. వాటి గోడలు చాలావాటిలో పాలీసల్ఫోన్ రకపువే... ఆర్వో పొరకి కింద ఆసరాగా ఉండే ప్లాస్టిక్కే! రక్తంలోని యూరియా ఆ గోడల గుండా బయటికి పోతోందా లేదా తెలుసుకోవాలంటే మాటిమాటికీ రక్తం తీయాలి. దానికో తెలివైన ఉపాయం కనిపెట్టారు. మిషను కొద్ది నిమిషాలపాటు ద్రవంలో ఉప్పు మోతాదును కాస్త మారుస్తుంది. ఫిల్టరు దాటి వచ్చాక వాహకత ఎంత మారిందో చూస్తుంది. యూరియా, సోడియం ఆ గోడను దాదాపు ఒకే తీరులో దాటతాయి. కాబట్టి ఉప్పు దాటిన లెక్కతో యూరియా లెక్క తేలిపోతుంది. సూది గుచ్చే పనిలేదు. ఒక్క రోగికి ఒక్కసారి డయాలిసిస్ చేయడానికి 120 లీటర్ల దాకా శుద్ధమైన నీళ్లు కావాలి. ఆ నీళ్లిచ్చేదీ ఆర్వోనే.

ఉప్పు సంగతి సరే, పొరలోకి ఇంకే నీటిని కరెంటుతో పట్టుకోగలమా? దానికీ దారి ఉంది. ఇనుప పైపుకి వేసిన ఎపాక్సీ పెయింటునే తీసుకుందాం. అదీ పాలిమర్ పొరే. బయటికి నిగనిగలాడుతున్నా లోపలికి నీళ్లు ఇంకుతుంటాయి. ఆ నీళ్లు ఇనుము దాకా చేరితే తుప్పు. ఒకవైపు ఇనుము, ఇంకోవైపు ఉప్పునీళ్లు, మధ్యలో పెయింటు... ఇది అచ్చం ఫ్యానులో ఉండే కెపాసిటర్ లాంటిదే. కెపాసిటర్ ఎంత విద్యుదావేశం దాచగలదన్నది మధ్యలోని పదార్థాన్ని బట్టి ఉంటుంది. ఎండు ప్లాస్టిక్‌కి ఆ గుణం మూడు నుంచి ఎనిమిది దాకా ఉంటే నీటికి దాదాపు ఎనభై! కాబట్టి కొంచెం తడి చేరినా కెపాసిటెన్స్ ఎగబాకుతుంది. దాన్నిబట్టి పెయింటులోకి ఎంత నీరు ఇంకిందో లెక్కకట్టే సూత్రాన్ని బ్రాషర్, కింగ్స్‌బరీ అనే ఇద్దరు 1954లోనే ఇచ్చారు. పెయింటు గీకకుండా, పైపు కోయకుండా తుప్పు రాకని ముందే పసిగట్టే పద్ధతి ఇది.

మీటరు చూడలేని ఫ్లోరైడ్

ఇప్పుడు అసలు విషయం. ఒక బోరులో టీడీఎస్ 800, ఫ్లోరైడ్ లీటరుకి 1 మిల్లీగ్రాము. పక్క బోరులో టీడీఎస్ 803, ఫ్లోరైడ్ 4 మిల్లీగ్రాములు. మీటరుకి ఈ రెండూ ఒకటే. ఆ మాత్రం తేడా ఓసారి ముంచి తీసి మళ్లీ ముంచినా వస్తుంది. కానీ తాగే మనిషికి? భారతీయ ప్రమాణాల ప్రకారం లీటరుకి ఒక మిల్లీగ్రాము దాకా ఫరవాలేదు, వేరే దిక్కులేనప్పుడు ఒకటిన్నర దాకా. నాలుగున్న నీళ్లు ఏళ్ల తరబడి తాగితే ముందు పిల్లల పళ్లు గారపడతాయి, తర్వాత కీళ్లూ వెన్నూ బిగుసుకుంటాయి. టీడీఎస్ మీటరు అయాన్ల తలలు లెక్కపెడుతుంది కానీ మొహాలు చూడదు. సోడియమా, కాల్షియమా, ఫ్లోరైడా... దానికి అన్నీ ఒకటే. బ్యాక్టీరియా అయితే దాని లెక్కలోకే రాదు. పోనీ మరిగిద్దామా అంటే, నీళ్లు ఆవిరై ఫ్లోరైడ్ ఇంకా చిక్కబడుతుంది.

మొహం చూసే పరికరం వేరే ఉంది. 1966లో మార్టిన్ ఫ్రాంట్, జేమ్స్ రాస్ అనే ఇద్దరు అమెరికన్లు లాంథనం ఫ్లోరైడ్ స్ఫటికంతో ఓ ఎలక్ట్రోడు తయారుచేశారు. పెన్ను చివర గుండీ అంత స్ఫటికపు బిళ్ల. దానిలోంచి కదలగలిగేది ఒక్క ఫ్లోరైడ్ అయానే. మిగతావాటికి తలుపు మూసే ఉంటుంది. నీటిలో ఫ్లోరైడ్ ఎంత ఉందన్నదాన్నిబట్టి బిళ్లకి రెండువైపులా వోల్టేజి తేడా ఏర్పడుతుంది. పదిరెట్లు మారితే సుమారు 59 మిల్లీవోల్టుల తేడా. ఆసుపత్రిలో రక్తంలోని పొటాషియం చూసే ఎలక్ట్రోడు కూడా ఇలాంటిదే. కాకపోతే అందులో స్ఫటికం బదులు పీవీసీ పొర ఉంటుంది. ఆ పీవీసీలో వాలినోమైసిన్ అనే పదార్థం కలుపుతారు. అది పొటాషియాన్ని మాత్రమే చెయ్యిపట్టుకుని లోపలికి తీసుకెళ్తుంది.

ఫ్లోరైడ్ ఎలక్ట్రోడుకి ఓ బలహీనత ఉంది. నీటిలో అల్యూమినియం ఉంటే అది ఫ్లోరైడ్‌ని గట్టిగా పట్టేసుకుంటుంది. పట్టుబడ్డ ఫ్లోరైడ్ ఎలక్ట్రోడుకి కనిపించదు. నల్గొండ టెక్నిక్‌లో వాడే పటిక అల్యూమినియమే కదా! అందుకే పరీక్షకి ముందు నీటిలో ఓ ప్రత్యేక ద్రావణం కలిపి ఆ పట్టు విడిపిస్తారు. ఆ ద్రావణం కలపకుండా కొలిస్తే ఉన్న ఫ్లోరైడ్ కూడా లేనట్టే చూపిస్తుంది. ఇలాంటి పరీక్ష వీధిలో గ్లాసు పట్టుకుని చేసేది కాదు, ప్రయోగశాలలో చేయాల్సిందే.

నీళ్లు అక్కడికి తీసుకెళ్లేటప్పుడు గాజు సీసా వద్దు, ఫ్లోరైడ్‌కి గాజుతో పడదు. శుభ్రమైన లీటరు ప్లాస్టిక్ బాటిల్‌ను అదే నీటితో రెండుమూడుసార్లు తొలిచి పట్టాలి. బోరైతే కాసేపు నడిచాక పట్టాలి. డబ్బా కొనేవాళ్లు ఒకటి కాదు, రెండు బాటిళ్లు తీసుకెళ్లాలి. ఒకదాంట్లో ప్లాంటు బోరు నీళ్లు, ఇంకోదాంట్లో డబ్బాలోవి. రెండింటి మీదా తేదీ, 'లోపలికి', 'బయటికి' అని స్కెచ్ పెన్నుతో రాస్తే చాలు.